సర్ జాన్ సోన్ – వెచ్చని యింటికై ఒక వాస్తుశిల్పి చేసిన కృషి

తాపీ మేస్త్రి కుమారుడుగా పుట్టి, తన యింటిని, అందలి గ్రంథములను, చిత్రములను దేశప్రజలకు ధారవోసి గతించిన మహనీయుడు సర్ జాన్ సోన్. ఇంగ్లండు దేశపు వాస్తుశిల్పులలో ఆయన పేరు మిక్కిలి ప్రసిద్ధము. ఆయన నిర్మించిన బ్యాంకును గూర్చియు, చిత్రశాలను గూర్చియు వ్రాసినవారు పెక్కుమంది కలరు. కాని ఆయన జీవితమున అంతగా ప్రచారమునకు రాని ఘట్టమొకటి యున్నది. తాను కట్టిన యింటిని చలినుండి కాపాడుటకై ఆయన ఏండ్ల తరబడి పడిన ప్రయాస యది. వినుటకు చిన్న విషయముగా దోచును. కాని ఆ ప్రయాస ఫలింపకున్నచో ఆయన దానము పేరునకు మాత్రమే దానమై యుండెడిది. పదిమంది వచ్చి కూర్చుండుటకు వీలులేని యింటిని పదిమందికి ఇచ్చి ప్రయోజనమేమి?

బాల్యము – విద్య

జాన్ సోన్ 1753వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన, థేమ్సు నది యొడ్డున గల గోరింగు గ్రామ ప్రాంతమున జన్మించెను. తండ్రి ఇటుకపని చేయు తాపీ మేస్త్రి. కలిగిన కుటుంబము కాదు. 1768లో తండ్రి మరణించెను. బాలుడు తాపీపనియే చేయుచున్న అన్న విలియము నొద్దకు చేరెను. అన్న వెంట పనులకు పోవుచు, గోడ ఎట్లు లేచునో, కమాను బరువు నెట్లు మోయునో, తేమ ఎచటినుండి ప్రాకునో చిన్ననాడే కన్నులార చూచెను. పిదప కాలమున పండితులు కాగితముపై గీసి తృప్తిపడు విషయములను ఆయన ఇటుక చేతబట్టి ఆలోచించుటకు ఈ బాల్యమే కారణము.

ఆ 15వ ఏటనే ఆయనకు లండను నగరమున జార్జి డాన్స్ అను సుప్రసిద్ధ వాస్తుశిల్పి యొద్ద పని దొరకెను. డాన్స్ ఉదారుడు. కుఱ్ఱవాని బుద్ధిని గుర్తించి విద్య గరపెను. 1771లో సోన్ రాయల్ అకాడమీ పాఠశాలలో ప్రవేశించెను. మరుసటి యేడు వెండి పతకమును, 1776లో ఒక విజయసేతువు నమూనాకు బంగారు పతకమును పొందెను. రాజుగారి విద్యార్థి వేతనము లభించుటచే 1778 మార్చిలో ఇటలీ దేశమునకు బయలుదేరెను.

రోము నగరపు శిథిలములు ఆయన మనస్సును శాశ్వతముగా ఆకర్షించినవి. ప్రాచీన రోమనులు స్నానశాలల నేలక్రింద చిన్న స్తంభములు నిలిపి, వాని నడుమ పొయ్యినుండి వేడిగాలిని పోనిచ్చి, గదులను వెచ్చచేసెడివారు. భవనమనగా గోడలు, కప్పు మాత్రమే కాదనియు, అందు నివసించువాని సుఖముకూడ వాస్తుశిల్పి బాధ్యతయే యనియు సోన్ నమ్మెను. తరువాతి కాలమున తాను చేసిన ఉపన్యాసములలో ఇండ్లను వెచ్చచేయు విధానములను గూర్చి కూడ విద్యార్థులకు బోధించెను.

కష్టములు – అభ్యున్నతి

ఇటలీలో ఒక ధనిక ప్రభువు పెద్ద పనులిత్తునని ఆశచూపగా, సోన్ తన వేతనపు గడువు ముగియకముందే 1780లో తిరిగి వచ్చెను. ఆ ఆశ అడియాస యయ్యెను. పనిలేదు, ధనము లేదు. చిన్న చిన్న మరమ్మతులు, పల్లెటూళ్ల యిండ్లకు చేర్పులు మొదలగు పనులు చేయుచు మెల్లగా నిలద్రొక్కుకొనెను. చెప్పిన ధరకు చెప్పిన దినమునకు పని ముగించునను పేరు వచ్చెను.

1784లో ఎలిజబెత్ స్మిత్ అను గుణవతిని వివాహమాడెను. ఆమె మేనమామ జార్జి వయట్ కలిగిన కట్టడపు వ్యాపారి. 1790లో ఆయన మరణింపగా ఆ యాస్తి ఈ దంపతులకు సంక్రమించెను. అంతకు రెండేండ్ల ముందే, అనగా 1788లో, సోన్ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండునకు వాస్తుశిల్పిగా నియమింపబడెను. ఆ పదవిలో ఆయన 1833 వరకు, అనగా 45 సంవత్సరములు, పనిచేసెను. నిప్పు భయము లేకుండుటకై కొయ్యను మాని, బోలు మట్టికుండలతో గుమ్మటములు కట్టి, వాని నడినెత్తిన అద్దములమర్చి వెలుతురు దింపెను. పైనుండి దిగు వెలుగు ఆయన కట్టడములకు గురుతయ్యెను. ఆ వెలుగే తరువాత ఆయన యింటికి చలిని కూడ తెచ్చెను.

లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ గృహము

1792లో సోన్ లండనులోని లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ అను మైదానపు అంచున 12వ నెంబరు ఇంటిని కొని తిరిగి కట్టించెను. 1806లో రాయల్ అకాడమీలో వాస్తుశాస్త్ర ఆచార్యుడయ్యెను. 1807లో ప్రక్కనున్న 13వ నెంబరును, 1823లో 14వ నెంబరును కొనెను. ఈ మూడిండ్ల వెనుక భాగములను కలిపి ఒక విచిత్రమైన ప్రదర్శనశాలను నిర్మించెను. అచట రోమను పాలరాతి విగ్రహములు, ప్లాస్టరు అచ్చులు, ప్రాచీన పాత్రలు, కట్టడముల నమూనాలు నేలనుండి కప్పువరకు నిండియుండెను. సుమారు 7,000 గ్రంథములు, 30,000 వాస్తుపటములు చేరినవి. హోగార్త్ అను చిత్రకారుని ప్రసిద్ధ చిత్రములు చేరినవి. 1824లో ఈజిప్టు రాజు మొదటి సేతి యొక్క రాతి శవపేటికను, బ్రిటిష్ మ్యూజియమువారు కొననిరాకరింపగా, సోన్ 2,000 పౌనులిచ్చి తెచ్చి యింటి నేలమాళిగలో నిలిపెను. దానిని చూపుటకై 1825 మార్చిలో మూడు రాత్రులు దీపములు వెలిగించి విందు చేసెను.

ఇదంతయు ప్రదర్శనకొరకు మాత్రమే కాదు. తాను ఉపన్యాసము చేయు దినమునకు ముందునాడును, మరునాడును విద్యార్థులకు ఇల్లు తెరచి యుంచెడివాడు. ఇటలీకి పోవు స్తోమతు లేని పేద విద్యార్థి ఈ యింటనే రోమును చూడవలెనని ఆయన కోరిక. తన శిష్యులు కూర్చుండి పటములు గీయు గదికూడ ఆ యింటనే యుండెను.

కాని ఆ యింట చలి దుర్భరముగా నుండెను. దానికి కారణములు ఆ నిర్మాణముననే కలవు. మొదటిది, వెలుతురుకై కప్పునిండ పెట్టిన అద్దములు. అద్దము మీది చలికి దాని క్రింది గాలి చల్లబడి, బరువెక్కి, క్రింద కూర్చున్నవాని నెత్తిపై నీటిధారవలె దిగును. రెండవది, గదికిని గదికిని నడుమ అడ్డు తక్కువ. నేలమాళిగనుండి గుమ్మటము వరకు గాలి ఎక్కడికక్కడ తిరుగుటకు దారులుండెను. మూడవది, రాయి, పాలరాయి, ప్లాస్టరు ఒకసారి చల్లబడినచో త్వరగా వేడెక్కవు. తేమ పట్టినచో కాగితమునకు, చిత్రమునకు చేటు.

ఆ దేశపు ఆచారము ప్రకారము గదిగదికిని గోడలో పొయ్యి యుండెడిది. రాక్షసిబొగ్గు మండించెడివారు. శీతకాలపు తెల్లవారుజామున నెగడు చుట్టు కూర్చున్నవారికి ఆ పొయ్యి గుణము బోధపడును. ముందు కాలును, వెనుక వణకును. వేడిలో అధికభాగము పొగగొట్టముగుండా ఆకాశమునకు పోవును. పైగా మసి రేగి విగ్రహములపై, చిత్రములపై పడును. ఇన్ని కాగితముల నడుమ ఇన్ని నిప్పులుంచుటయు క్షేమము కాదు.

విఫలయత్నములు

ఆ కాలమున ఇండ్లను వెచ్చచేయు శాస్త్రము బాల్యావస్థలో నుండెను. ఫ్రాన్సు దేశమున బోన్నెమేన్ అనునతడు 18వ శతాబ్దపు చివరి భాగమున, కోడిగ్రుడ్లు పొదిగించుటకై గొట్టములలో వేడినీటిని త్రిప్పు ఉపాయమును కనిపెట్టెను. ఆవిరియంత్రమును బాగుచేసిన జేమ్స్ వాట్ తన గదిని ఆవిరితో వెచ్చచేసి చూచెను. పెద్ద మిల్లులలో ఆవిరి గొట్టములు వచ్చినవి. తోటలలోని గాజుటిండ్లకు వెడల్పాటి పోతయినుప గొట్టములలో వేడినీరు వచ్చెను.

సోన్ ఈ మార్గములను శ్రద్ధతో పరిశీలించెను. డల్విచ్ గ్రామమున ఆయన 1811 మొదలు కట్టిన చిత్రశాలకు ఆవిరి గొట్టములు పెట్టించెను. అవి కారి చిక్కులు తెచ్చినవి. తన యింట కూడ ఆవిరి, వేడిగాలి, సాధారణమైన వేడినీరు – ఒకదాని తరువాత నొకటిగా ప్రయత్నములు జరిగినవి. ఏదియు తృప్తి కలిగింపలేదు.

లోపము పద్ధతులలో మాత్రమే కాదు. ఆ పద్ధతులకును, ఆ యింటికిని పొత్తు కుదరలేదు. ఆవిరి చల్లబడి నీరైనప్పుడు ఆ నీరు వెనుకకు పోవుటకు వాలు కావలెను. లేనిచో గొట్టములో నిలిచి చప్పుడు చేయును. కీళ్లు వదులైనచో ఆవిరి బయటపడి కాగితములను తడుపును. వేడిగాలికి పెద్ద సొరంగములవంటి దారులు కావలెను. ఆ గాలి తేలికయై పైకి పోయి, అద్దముల క్రిందనే నిలిచిపోవును. క్రింద కూర్చున్నవానికి అందదు. సాధారణపు వేడినీటి గొట్టములు 4 అంగుళముల వెడల్పు గలవి. వానిలో నీరు ఎక్కువ. పొయ్యి రాజవేసిన పిదప అవి వేడెక్కుటకు చాల ప్రొద్దు పట్టును. నీరు తన బరువు భేదముచేతనే తిరుగవలెను గావున గొట్టము చాల దిగుడులు, ఎగుడులు పొందరాదు. నేలమాళిగలు, మెట్లు, మలుపులు నిండిన సోన్ యింటిలో అట్టి లావుపాటి గొట్టమునకు దారియెక్కడ?

ఈలోగా ఆయన జీవితమున వేరొక శైత్యము ప్రవేశించెను. కుమారులు వాస్తుశిల్పులై తన వృత్తిని నిలుపుదురని ఆయన ఆశించెను. ఆ యాశతోనే 1800లో పిట్జ్‌హాంగర్ అను తోటబంగళాను కొని తీర్చిదిద్దెను. పెద్దవాడు జాన్ బలహీనుడు. చిన్నవాడు జార్జి దుర్వ్యయములలో బడి తండ్రిపై పగబూనెను. 1810లో సోన్ ఆ బంగళాను అమ్మివేసెను. 1815లో జార్జి పేరు లేకుండ ఒక పత్రికలో తండ్రి కట్టడములను హేళనచేయుచు వ్యాసములు వ్రాసెను. అవి తన కుమారుని వ్రాతలేయని తెలిసికొని తల్లి కుమిలిపోయెను. ఆ సంవత్సరము నవంబరు 22వ తేదీన ఎలిజబెత్ మరణించెను. 1823లో పెద్ద కుమారుడును గతించెను. 1824 చివర సోన్‌కు కంటి శుక్లమునకు శస్త్రచికిత్స జరిగెను. వృద్ధుడు, భార్యావిహీనుడు, చూపు మందగించినవాడు, తాను కూర్చిన నిధుల నడుమ ఒంటరిగా మిగిలెను. ఇక ఈ యిల్లు ఎవరికి? ఆ ప్రశ్న ఆయనను వేధించెను. ప్రజలకే యని ఆయన నిశ్చయించెను. కాని చలికి వణకుచు ఏ విద్యార్థి కూర్చుండి చదువగలడు?

పెర్కిన్స్ గొట్టములు

అప్పుడు ఆంజియర్ మార్చ్ పెర్కిన్స్ అను ఇంజనీరు క్రొత్త ఉపాయము తెచ్చెను. ఇతడు 1799లో అమెరికాలో పుట్టినవాడు. ఇతని తండ్రి జేకబ్ పెర్కిన్స్ నోట్ల ముద్రణకు ఉక్కు పలకలు చెక్కుటలో నిపుణుడు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు నోట్ల పని దొరకునను ఆశతో 1819లో లండను చేరెను. కుమారుడు ఆ తరువాత వచ్చి కలిసి, ఇండ్లను వెచ్చచేయు తన పద్ధతికి 1831లో పేటెంటు పొందెను. సోన్‌కు సర్ బిరుదము లభించినదియు ఆ సంవత్సరమే.

పెర్కిన్స్ ఉపాయము సూక్ష్మమైనది. గొట్టము లావు కాదు. బయటి కొలత ఒక అంగుళము మాత్రమే. పోతయినుము కాదు, సాగగొట్టిన గట్టి యినుము. గోడ మందము, లోపలి రంధ్రము సన్నము. మరలు కోసి, ఒక గొట్టపు కొనను రెండవదాని అంచునకు గట్టిగా అదిమి, కీళ్లు బిగించెడివారు. గొట్టమంతయు ఎక్కడను తెరపి లేక, తిరిగి తనలోనే కలియు ఒకే వలయము. మొత్తము పొడవులో సుమారు 6వ వంతు చుట్టగా చుట్టి పొయ్యిలో నుంచెడివారు. మిగిలినది గదులలో తిరిగి వచ్చును.

మూతలేని గిన్నెలో నీరు ఫారన్‌హీట్ 212 డిగ్రీలకు మరిగి ఆవిరియగును. గట్టిగా మూసిన గొట్టములో ఆవిరియగుటకు తావు లేదు గావున, నీరు నీరుగనే యుండి 300 డిగ్రీలకు పైగా వేడెక్కును. అంత వేడి కావున సన్నని గొట్టమే చాలును. నీరు తక్కువ గావున పొయ్యి రాజవేసిన కొద్దిసేపటికే గది వెచ్చబడును. వేడిమిచే నీరు ఉబ్బును. ఆ ఉబ్బుటకు స్థలము లేనిచో ఏ గొట్టమైనను పగులును. అందుచే వలయపు అత్యున్నత స్థానమున ఒక లావుపాటి గొట్టమును పెట్టి, దానిలో గాలిని నిలిపి యుంచెడివారు. నీరు ఉబ్బినప్పుడు ఆ గాలి అణగి చోటిచ్చును.

ఈ పద్ధతికి దోషము లేకపోలేదు. అంత వేడి గొట్టము కొయ్యను తాకినచో కొయ్య మాడును. ఒత్తిడి హెచ్చినచో అపాయము. కావున అమర్చువాని నేర్పు, కాచువాని జాగ్రత్త తప్పనిసరి. కాని సోన్ యింటికి కావలసిన గుణములు దీనిలో నుండెను. సన్నని గొట్టము మూలమూలలకు వంగును. గోడ చొచ్చి పోగలదు. విగ్రహముల వెనుక దాగగలదు. కట్టిన యింటిని పడగొట్టనక్కరలేదు.

దారి నిర్ణయము

పద్ధతిని ఎన్నుకొనుటతో పని ముగియలేదు. గొట్టము ఏ దారిని పోవలెను? ఏ గది మొదట, ఏది తుదకు? గెలుపోటములు అచటనే నిర్ణయమగును. కాలువ క్రింద సేద్యము చేయు రైతునకు ఈ చిక్కు సులభముగా బోధపడును. ఒకే కాలువ పొలము వెంట పొలము తడుపుచు పోయినచో, తలాపున నున్నవానికి నీరు పుష్కలము. చివరి భూమికి నీరందదు. గొట్టములోని వేడియు అట్టిదే. మొదటి గది వేడిని కొంత త్రాగును, రెండవది మరికొంత, తుది గదికి చేరునప్పటికి నీరు చల్లారియుండును. గొట్టము పొడవైన కొలది ఈ భేదము హెచ్చును.

సోన్ కార్యాలయమున పనిచేసిన ఛార్లెస్ జేమ్స్ రిచర్డ్‌సన్ అను వాస్తుశిల్పి 1837లో ఇండ్లను వెచ్చచేయుటను గూర్చి ప్రకటించిన గ్రంథమున ఈ యింటి యేర్పాటును వివరించెను. దాని ప్రకారము ఆ యింట 1,200 అడుగుల గొట్టము పరచబడెను. ఒకే వలయముగా కాక, దానిని రెండు వలయములుగా విభజించిరి. ఒకటి చిన్నది, చిత్రశాలను, దాని క్రింది రెండు గదులను వెచ్చచేయును. రెండవది పెద్దది, అది ముందుగా కార్యాలయపు గదికి పోవును. నీరు నింపు గొట్టమును, ఉబ్బుటకు చోటిచ్చు గొట్టమును అచటనే యుండెను. పిదప ప్రదర్శనశాల పొడవునను సాగి, ఉపాహారపు గదిలో పొడవైన కప్పు అద్దము క్రిందుగా పోయి, నేల దిగి క్రింది గదిని చేరి, మెట్ల వద్ద 100 అడుగుల గొట్టము చుట్టగా నేర్పడి, పొయ్యికి తిరిగి వచ్చుచు దారిలో దాదాపు అంతే పొడవు గల మరొక చుట్టను చుట్టును.

ఈ దారిని పరిశీలించినచో ప్రతి మలుపునకు కారణము తోచును. రెండు వలయములుగా చీల్చుటచే చిత్రశాల ఆ పొడవాటి దారికి తుదియందు పడక, తన వేడిని తాను పొందెను. ఆ చిన్న గదిలో మడతలు విప్పు తలుపులవంటి పలకలపై వందకు మించిన చిత్రములుండెను గావున దాని క్షేమము ముఖ్యము. వేడినీరు తేలిక, పైకి పోవుట దాని స్వభావము. ఆ స్వభావముతో పోరాడక, ముందుగా కార్యాలయమునకు పంపిరి. అచట శిష్యులు వేళ్లు కొంకర్లు పోకుండ కలము పట్టవలెను. ఇక ఉపాహారపు గదిలో గొట్టమును ఏ మూలనో పెట్టక, సరిగా అద్దము క్రిందనే నడిపిరి. అద్దమునుండి దిగు చల్లగాలి గొట్టపు వేడికి తగిలి, క్రింది మనుష్యునకు చేరకముందే వెచ్చబడును. చలి ఎచటినుండి వచ్చునో అచటనే దానిని ఎదుర్కొనవలెనను నీతి ఇందు కలదు. తరువాతి కాలమున చలిదేశముల యిండ్లలో వేడినీటి రేడియేటరులను కిటికీల క్రింద అమర్చు ఆచారము వచ్చుటకును ఇదియే కారణము. తుదియందు నీరు కొంత చల్లారియుండును గావున అచట గొట్టము పొడవు పెంచి చుట్టలుగా చుట్టిరి. కాలువ చివర నీటి జోరు తగ్గినచో మడవను వెడల్పుచేసి నీటి నందుకొనుట వంటిదే ఈ యుపాయము.

సోన్ కాలమునకు తరువాత ఈ విద్య ఎంతయో పెరిగెను. పోతయినుప రేడియేటరులు 19వ శతాబ్ది ఉత్తరార్ధమున వ్యాపించినవి. గొట్టముల యమరికలో పలు విధములు ఏర్పడినవి. ఒకే గొట్టము గదివెంట గది తిరుగుట మొదటి విధము. ఖర్చు తక్కువ, తుది గదికి వేడి తక్కువ. వేడినీరు తెచ్చుటకొక గొట్టము, చల్లారిన నీటిని గొనిపోవుటకు వేరొక గొట్టము రెండవ విధము. పంటకాలువ వేరు, మురుగుకాలువ వేరు అయినట్లు, దీనిలో ఒక గది త్రాగి విడిచిన నీరు మరియొక గదికి పోదు. కాని పొయ్యికి దగ్గరగా నున్న రేడియేటరునకు దారి పొట్టి గావున నీరు అటే హెచ్చుగా పరుగెత్తును. దానిని సరిదిద్దుటకు మూడవ విధము పుట్టెను. వేడినీటిని ముందుగా పొందిన రేడియేటరు నీటిని తుదకు తిరిగి పంపునట్లు గొట్టమును త్రిప్పి పరతురు. అందుచే అన్నిటికిని దారి పొడవు సమానమగును. పిదప విద్యుత్తుతో నడచు పంపులు వచ్చి నీటిని త్రోయుచుండుటచే, గొట్టములను ఇష్టమైన రీతిని నడుపుట సులభమయ్యెను. అయినను ఏ పద్ధతి మేలో ముందుగా చెప్పుటకు వీలులేదు. ఇల్లు చూచి, చలి వచ్చు చోటు చూచి, మనుష్యుడు కూర్చుండు చోటు చూచి నిర్ణయింపవలెను. ఆ క్రమమున ఆలోచించుటకు సోన్ యిల్లు చక్కని నిదర్శనము.

దానశాసనము

ఇల్లు వెచ్చబడెను. ఇతర మార్గములు తప్పిన చోట ఈ మార్గము నెగ్గెనని రిచర్డ్‌సన్ తన గ్రంథమున సంతృప్తితో వ్రాసెను. సోన్ వయస్సు అప్పటికి 80కి సమీపించుచుండెను. 1833లో ఆయన బ్యాంకు పదవిని విడిచెను. ఆ సంవత్సరముననే బ్రిటిష్ పార్లమెంటుచేత ఒక ప్రత్యేక శాసనము చేయించెను. తన మరణానంతరము ఇంటిని, గ్రంథములను, చిత్రములను, విగ్రహములను ధర్మకర్తలు కాపాడవలెననియు, సాధ్యమైనంతవరకు ఉన్నవానిని ఉన్నట్లు నిలుపవలెననియు, కళలు నేర్చువారికిని ప్రజలకును రుసుము లేకుండ తెరువవలెననియు ఆ శాసనము విధించెను. కుమారుడు జార్జి దీనిని ఆపుటకు యత్నించి విఫలుడయ్యెను. తన సొత్తు కుమారునకు కాకుండ చేసినాడని కొందరు ఆయనను నిందించిరి. ఆ తండ్రి హృదయమున ఎంత బాధ యుండెనో ఊహింపవచ్చును. కాని ఒక ఇంటి కలహములో చెల్లాచెదరు కావలసిన నిధి దేశమునకు దక్కెను.

1835లో ఆ దేశపు వాస్తుశిల్పులందరు చేరి ఆయనకు బంగారు పతకము సమర్పించిరి. 1837 జనవరి 20వ తేదీన, శీతకాలపు నడుమ, ఆ యింటనే ఆయన కన్ను మూసెను. భార్యకై తాను నిర్మించిన సమాధియందే ఆయనను ఉంచిరి. ఆ సమాధి మీది గుమ్మటపు ఆకారమే లండను వీధులలోని ఎఱ్ఱని టెలిఫోను గదులకు ఒరవడి యయ్యెనని చెప్పుదురు.

బ్యాంకులో సోన్ 45 ఏండ్లు శ్రమించి కట్టిన లోపలి మందిరములు 1920, 1930 దశకములలో చాలవరకు పడగొట్టబడినవి. బయటి గోడ మాత్రము మిగిలెను. ధనమునకు కట్టిన యిల్లు పోయెను; విద్యకు కట్టిన యిల్లు నిలిచెను. లింకన్స్ ఇన్ ఫీల్డ్స్‌లోని ఆ గృహమున నేటికిని ప్రవేశమునకు రుసుము లేదు.

సోన్ జీవితమునుండి నేర్వదగినవి పెక్కు కలవు. పేదరికమును జయించిన పట్టుదల ఒకటి. సొంత దుఃఖమును లోకహితముగా మార్చిన గుండెనిబ్బరము మరొకటి. వీనితోపాటు చిన్నదిగా కన్పట్టు మూడవదియు ఎన్నదగినదే. దానమిచ్చుట గొప్ప. ఆ దానమును పుచ్చుకొనువాడు సుఖముగా అనుభవించునట్లు గొట్టము పోవు దారినిసైతము ఆలోచించి యిచ్చుట అంతకంటె గొప్ప. గ్రంథములు బీరువాలో నుండుట వేరు, చదువరి కూర్చుండుటకు తగిన చోటుండుట వేరు. ఈ రెంటిని కూర్చినవాడే గ్రంథములను నిజముగా ప్రజలకిచ్చినవాడు.